మల్లి చిగుళ్లు మట్టిరంగుకు తిరిగిన రాత్రి

మా పిల్లి మల్లి మళ్లీ తింటోంది, గోడలెక్కుతోంది. భయం తగ్గింది కాబట్టి రాస్తున్నా. కోపం మాత్రం తగ్గలేదు.

దాని ఒళ్లు వేడిగా ఉందని మా బావగారు వీధి చివర మెడికల్ షాపులో అడిగారట. "పసిబిడ్డలకే ఇస్తాం సార్, పిల్లికేమవుతుంది?" అని అతను పారాసిటమాల్ 500 చేతిలో పెట్టాడు. బావగారు సగం మాత్ర నూరి సిరంజీతో పట్టారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రాత్రి అన్నాలయ్యాక చూస్తే మల్లి మంచం కింద నోరు తెరుచుకుని రొప్పుతోంది. మొహం ఉబ్బింది, ముందుకాళ్లు వాచాయి. పెదవి ఎత్తి చూశా. గులాబీరంగులో ఉండాల్సిన చిగుళ్లు మట్టిరంగు! తెలిసిన డాక్టరుకు ఫోన్ చేస్తే, "వేడి చేసుంటుందమ్మా, మజ్జిగ పట్టండి, పొద్దున చూద్దాం" అని పెట్టేశారు. ఆ మాట విని పడుకుని ఉంటే మల్లి మాకు దక్కేది కాదు.

మా మేడ మీద వెటర్నరీ కాలేజీలో చదివే అమ్మాయి అద్దెకుంటోంది. పరుగున దిగొచ్చి చిగుళ్లు చూడగానే, "అక్కా, మాత్రేమైనా వేశారా?" అంది. లేదన్నాం. మళ్లీ గట్టిగా అడిగింది. అప్పుడు నోరు విప్పారు బావగారు. పెద్దవారు, ఏమీ అనలేకపోయా.

ఆ అమ్మాయి వాళ్ల ప్రొఫెసరుకు ఫోన్ చేసి, తిరుపతి రుయా ఆసుపత్రి దగ్గరి షాపు నుంచి ఎసిటైల్‌సిస్టీన్ తెప్పించింది. మనకు కఫం కరగడానికి ఇచ్చే మందే, పారాసిటమాల్ విషానికి విరుగుడూ అదే. మల్లిని తూకం వేసి, ఆయన చెప్పిన లెక్కన గంటలు చూసుకుంటూ పట్టింది. తెల్లవార్లూ దాని తల నా ఒళ్లోనే. తాతయ్యగుంట గంగమ్మకు పొంగలి పెడతానని మొక్కుకున్నా. పొద్దున్నే కాలేజీ ఆసుపత్రి, సెలైన్, రక్తపరీక్ష. తీసిన రక్తం చాక్లెట్ రంగులో ఉంది. ఆ అమ్మాయి రుణం ఎలా తీర్చుకోవాలో!

పిల్లి లివర్‌లో పారాసిటమాల్‌ను విరిచే ఎంజైమ్ చాలా తక్కువని కాలేజీ ఆసుపత్రి డాక్టరుగారు చెప్పారు. విరగని మందు హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తే అది ఆక్సిజన్‌ను మోయలేదు. ఒక్క మాత్ర చాలు ప్రాణం పోవడానికి. ఫినాయిల్ కూడా అంతే ప్రమాదం. తడి నేల మీద నడిచి పాదాలు నాకితే విషం లోపలికి పోతుంది. మా ఇంట్లో ఫినాయిల్ మానేశాం, బీరువాలోని కలరా ఉండలు తీసేశాం. కుక్కల మెడ మీద పిడుదులకు వేసే పర్మెత్రిన్ చుక్కలు పిల్లికి వేయకండి. బొకేల్లో వచ్చే పెద్ద లిలియం పూలు అసలు ఇంట్లోకే తేకండి (దండల్లో కట్టే లిల్లీ వేరు). వాటి పుప్పొడి నాకినా కిడ్నీలు పోతాయి.

మెడికల్ షాపుకెళ్లి జరిగిందంతా చెప్పాను. "నాకేం తెలుసు మేడమ్?" అన్నాడు. తెలియకపోతే తెలియదని ఆ రోజే అనాల్సింది.