నా టైమ్ ప్రకారం 2:12, వాళ్ల టైమ్ ప్రకారం 2:19: నా హాఫ్ మారథాన్ అనుభవం

నిన్న హాఫ్ మారథాన్ (21.1 కిలోమీటర్ల పరుగు) పూర్తి చేశాను. 2 గంటల 51 నిమిషాలు పట్టింది. తొడలు ఇంకా పట్టేసే ఉన్నాయి, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది. అయితే ఇది రాస్తున్నది నిన్నటి పరుగు గురించి కాదు. పోయినేడు హైదరాబాద్‌లో ఇంకో హాఫ్ మారథాన్ మధ్యలో, టైమ్ అయిపోయిందని నన్ను బస్సెక్కించారు. ఏడాదిగా అది కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను.

నాది నల్లగొండ, వయసు 46. పుట్టింది మర్రిగూడ దిక్కు పల్లెలో. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన మనుషుల మధ్య పుట్టాను. మా నాయన యాభై నిండకముందే కర్ర పట్టుకున్నాడు. నన్ను చిన్నప్పుడే హాస్టల్‌కు పంపారు కాబట్టి నా మోకాళ్లు మిగిలాయి. అందుకే పరుగు నాకు టైమ్‌పాస్ కాదు.

ఆ హైదరాబాద్ పరుగుకు రిజిస్ట్రేషన్ ఫోన్‌లోనే పది నిమిషాల్లో అయిపోయింది. ఈసీజీ, బీపీ చూసి డాక్టర్ సంతకం పెట్టారు. నలభై దాటినవాళ్లు ఎవరూ అడగకపోయినా ఈసీజీ తీయించుకోండి.

పరుగెత్తడానికి చోటు దొరకడమే కష్టమైంది. మొదట ఒక కాలేజీ గ్రౌండ్‌కు పోయేవాడిని. ఆరు దాటితే తప్ప గేటు తీయమన్నారు. మన దగ్గర ఏప్రిల్‌లో ఆరున్నరకే ఎండ చురుక్కుమంటుంది. ఊరి పిల్లల కోసం కట్టిన గ్రౌండ్‌కు తాళం వేసి కూర్చోవడం ఏం న్యాయం? ఒకసారి శ్రీశైలం రోడ్డు పట్టుకుని మన్ననూర్ దాకా పోయి, అక్కడి నుంచి నల్లమలలో పరుగెత్తుదామనుకున్నాను. అటవీ సిబ్బంది ఆపేశారు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం, లోపలికి కాలినడకన పోనివ్వరు. ఆ రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను కూడా వదలరు. కాసేపు వాదించాను కానీ తప్పు నాదే. అడవిలో పొద్దున పూట జంతువులు తిరిగే వేళకు మనం అడ్డం పోకూడదు.

చివరికి పానగల్ ఉదయ సముద్రం కట్ట కుదిరింది. కుందూరు చోడుల కాలం నాటి చెరువు. పొద్దున్నే నీళ్ల మీది నుంచి చల్లగాలి వస్తుంది. కట్ట మీద అటూ ఇటూ తిరిగి, ఛాయా సోమేశ్వరాలయం దాకా పోయి వస్తే నాకు సరిపోయేది. కాలువ కట్టల మీది మట్టి దారి కాళ్లకు ఇంకా మెత్తగా ఉంటుంది కానీ సర్కార్ తుమ్మతో జాగ్రత్త. ఒకరోజు మడమలో సూది దిగినట్టయింది. బూటు తిప్పి చూస్తే అరంగుళం ముల్లు సోల్‌లోంచి లోపలిదాకా దిగి ఉంది. వేళ్లతో లాగితే విరిగింది. కుంటుకుంటూ పక్క పొలం మోటారు దగ్గరికి పోయి, అక్కడున్న రైతు దగ్గర కటింగ్ ప్లేయర్ అడిగి తీసుకుని పీకాను.

కట్ట మీద నాకు కిలోమీటరుకు 8 నిమిషాలు పట్టేది. తెలిసిన పీఈటీ సార్ ఒకాయన "వారానికోసారి లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కు" అని చెప్పాడు. ఒకరోజు పోయాను. కొన్ని మెట్లకే గుండె గొంతులోకి వచ్చింది. రేసు రోడ్డు మీదైతే మెట్లతో నాకేం పని అనుకుని మళ్లీ పోలేదు.

ఇక హైదరాబాద్ పరుగు రోజు. జనాన్ని బ్లాకులుగా, అంటే గుంపులుగా వదులుతారు. అంత జనం మధ్య నన్ను చివరి బ్లాక్‌లో నిలబెట్టారు. తుపాకీ మోగాక నేను స్టార్ట్ లైన్ దగ్గర పరిచిన మ్యాట్ దాటేసరికి 7 నిమిషాలు గడిచాయి. బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబర్) వెనుక టైమ్ లెక్కించే చిప్ ఉంది, ఎవరి టైమ్ వాళ్లు మ్యాట్ తొక్కినప్పటి నుంచే మొదలవుతుందని నాకు తెలుసు. అందుకే టెన్షన్ పడలేదు. ఐదో కిలోమీటరు దాకా కట్ట మీద పోయినట్టే పోయాను. తర్వాత ఫ్లైఓవర్ వచ్చింది. అది దిగి ఊపిరి తీసుకునే లోపు ఇంకొకటి. దిగుడులో టైమ్ తిరిగొస్తుందనుకుంటే, అప్పటికే పిక్కలు బిగుసుకుపోయి దిగడం కూడా కష్టమైంది. కట్ట మీద గంట పరుగెత్తినా ఎలివేషన్, అంటే మొత్తం ఎక్కిన ఎత్తు, 12 మీటర్లు దాటేది కాదు. ఆ రోజు సగం దూరానికే వాచీలో 90 మీటర్లు చూపించింది. నేను మూడు నెలలు కిలోమీటర్లు మాత్రమే లెక్కపెట్టుకున్నాను.

15వ కిలోమీటరు దగ్గర కటాఫ్ 2 గంటల 15 నిమిషాలు, ఆలోపు చేరకపోతే ఆపేస్తారు. నేను చేరేసరికి వాచీలో 2:12. ఇంకా మూడు నిమిషాలు చేతిలో ఉన్నాయని ప్రాణం లేచొచ్చింది. అంతలో తాడు అడ్డం కట్టారు.

"అంకుల్, టైమ్ అయిపోయింది, బస్సెక్కండి."

"నా టైమ్ 2:12 బాబూ, చూడు" అని చెయ్యి చాపాను.

"అది చిప్ టైమ్ అంకుల్. కటాఫ్ గన్ టైమ్‌కే, తుపాకీ మోగినప్పటి నుంచి. 2:19 అయింది."

నన్ను చివర నిలబెట్టింది వాళ్లు. ఆ ఏడు నిమిషాలు నా ఖాతాలో వేసిందీ వాళ్లే. ఈ సంగతి ముందే చెప్పరా అని అడిగితే రూల్స్‌లో ఉందన్నారు. ఇంటికొచ్చి వెతికితే నిజంగానే ఉంది, రిఫండ్ ఇవ్వబోమనే పేరా కింద ఒక ముక్క. రోడ్లు తెరవాలి, పోలీసులకు ఇచ్చిన టైమ్ ఉంటుంది, అది ఒప్పుకుంటాను. కానీ డబ్బు కట్టించుకునేటప్పుడు ఆ మాట పెద్ద అక్షరాల్లో చెప్పాలి కదా! ఆ పిల్లవాడు నల్ల మార్కర్‌తో నా బిబ్ మీద అడ్డంగా గీత గీశాడు. మార్కర్ మొన బట్టలోంచి ఛాతీకి తగిలింది. అంతమందిలో అది నేను మరిచిపోలేను.

బస్సు ఫినిష్ లైన్ వెనకాల ఆపారు. మా ఆవిడ, బిడ్డ ఆర్చ్ ముందు ఫోన్ పట్టుకుని వీడియో తీయడానికి నిలబడి ఉన్నారు. నేను వెనకనుంచి పోయి పిలిచాను. "అయ్యో, అటుకెల్లి వచ్చిన్రేంది?" అంది మా ఆవిడ. బిడ్డ బిబ్ మీది గీత చూసి ఏమీ అడగలేదు.

ఇంకో కోపం కూడా ఉండేది. 15 కిలోమీటర్ల బోర్డు దగ్గర నా వాచీలో 15.3 ఉంది. బోర్డు తప్పు పెట్టారని వారం రోజులు తిట్టాను. పీఈటీ సారే విడమరిచి చెప్పాడు. సర్టిఫైడ్ కోర్సును, అంటే దూరం ధ్రువీకరించిన పరుగు దారిని, సైకిల్‌కు జోన్స్ కౌంటర్ (చక్రం తిరిగిన లెక్క చూపే పరికరం) బిగించి కొలుస్తారు. మలుపుల్లో అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, అన్నిటికంటే దగ్గరి దారిని కొలుస్తారు. దూరం తక్కువ పడకుండా కిలోమీటరుకు మీటరు చొప్పున కలుపుతారు కూడా. వాచీ కొంచెం అటూ ఇటూ చూపించినా, నేను మాత్రం ప్రతి మలుపులో బయటి అంచున, నీళ్ల బల్లల వైపు పోయాను. నా నడకకు 300 మీటర్లంటే రెండున్నర నిమిషాలు. ఆలస్యమైన నాలుగు నిమిషాల్లో అవి నావే.

ఆ తర్వాతి మంగళవారం నుంచే గుట్ట ఎక్కాను. మొదటి నెల నడుస్తూ, తొడల మీద చేతులు పెట్టుకుని. నాలుగో నెలకు ఆగకుండా. దిగేటప్పుడు పరుగెత్తకండి, మోకాలి చిప్పలు పోతాయి. అది దర్గా గుట్ట. మొక్కుకోవడానికి వచ్చేవాళ్లకు దారి ఇవ్వండి, ఉర్సు రోజుల్లో వేరే చోటు చూసుకోండి. బూట్ల కంపెనీల మాటలు, ఫోన్‌లో కోచింగ్ ప్లాన్లు నమ్మి వేలు పోయకండి. నాకు పనికొచ్చింది గుట్ట, ఉప్పేసిన మజ్జిగ, తొమ్మిదింటికల్లా నిద్ర.

ఈసారి డబ్బు కట్టేముందు కటాఫ్ ఎప్పటి నుంచి లెక్కిస్తారని మెయిల్ పెట్టాను. చివరి బ్లాక్ కదిలినప్పటి నుంచి అని జవాబు వచ్చాకే కట్టాను. మీరూ ఆ ఒక్క ప్రశ్న రాతలో అడగండి. నిన్న మలుపులన్నీ లోపలి అంచునే తీసుకున్నాను, ఎక్కుడంతా చిన్న అడుగులతో పోయాను. 15వ కిలోమీటరు దగ్గర తాడు పట్టుకున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆర్చ్ ముందు బిడ్డ తీసిన వీడియోలో నా ముఖం కనిపించదు, తన చెయ్యి అంతలా వణికింది.

వచ్చే మంగళవారం పొద్దున ఐదింటికి గుట్ట మెట్ల దగ్గర ఉంటాను. వచ్చేవాళ్లు నీళ్ల సీసా, కుక్కలకు ఒక కర్ర తెచ్చుకోండి.