ఫెరిటిన్ 8

హిమోగ్లోబిన్ 11.6. “కొంచెం తక్కువే, ఫర్వాలేదు, ఆకుకూరలు తినండి” అన్నారు మొదట చూసిన డాక్టరు. ఆ మాట నమ్మి రెండేళ్ళు వారానికి నాలుగు రోజులు తోటకూర పప్పు తిన్నాను. నిలబడితే గుండె దడ, కళ్ళు బైర్లు కమ్మడం మాత్రం ఎక్కడికీ పోలేదు.

మాది ఖమ్మం. స్కూల్లో లెక్కలు చెప్తాను. 2021 మేలో కొవిడ్ వచ్చింది. జ్వరం పది రోజుల్లో తగ్గింది కానీ స్కూళ్ళు తెరిచాక బోర్డు దగ్గర ఒక లెక్క పూర్తి చేయలేకపోయాను. సగంలోనే గుండె పరిగెత్తేది, కాళ్ళలో సత్తువ పోయేది. కూర్చుంటే సర్దుకునేది. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ నార్మల్. “టెన్షన్ పెట్టుకోకండి” అని పంపేసేవారు. ఆ మాట విన్న ప్రతిసారీ ఇంటికొచ్చి ఏడ్చాను.

2023లో హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్ట్ నన్ను పడుకోబెట్టి పల్స్ చూశారు. తరవాత పది నిమిషాలు నిలబెట్టి మళ్ళీ చూశారు. పడుకున్నప్పుడు 76, పదో నిమిషానికి 122. బీపీ పడిపోలేదు. పెద్దవాళ్ళలో నిలబడ్డ పది నిమిషాల్లోపే పల్స్ 30 లేదా అంతకంటే ఎక్కువ పెరిగి, బీపీ పడిపోకుండా, ఈ బాధలు నెలల తరబడి ఉంటే దాన్ని పాట్స్ అంటారట. పూర్తి పేరు పోస్చురల్ ఆర్థోస్టాటిక్ టాకికార్డియా సిండ్రోమ్. గుండె వేగం, రక్తనాళాల బిగువు, అరుగుదల, చెమట, ఇలా మన ప్రమేయం లేకుండా నడిచే పనులన్నీ చూసే నరాల వ్యవస్థ అదుపు తప్పింది. నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగిపోతుంది, దాన్ని పైకి తేవడానికి గుండె పరుగు పెడుతుంది.

ఆ రోజే ఆవిడ ఫెరిటిన్, బి12, విటమిన్ డి టెస్టులు రాశారు. ఫెరిటిన్ 8, బి12 148, డి 11 వచ్చాయి. ఫెరిటిన్ అంటే ఒంట్లో దాచుకున్న ఐరన్. “పర్సులో డబ్బు కనపడుతోందమ్మా, బ్యాంకులో మాత్రం ఏమీ లేదు” అన్నారు. హిమోగ్లోబిన్ పర్సు లాంటిది. అంతకుముందు ఎవరూ బ్యాంకు లెక్క చూడలేదు.

ఎందుకిలా అయ్యిందో ఆవిడే విడమరిచి చెప్పారు. ఈ జబ్బులో చాలామందికి కడుపు కూడా సరిగా కదలదు, తిన్నాక వికారం, ఉబ్బరం. భోజనం చేస్తే దడ పెరుగుతోందని నేను తిండి తగ్గించేశాను. వికారానికి రోజూ పరగడుపున గ్యాస్ మాత్ర, అలా రెండేళ్ళు. ఆ మాత్రలు ఏళ్ళ తరబడి వాడితే ఐరన్, బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. మా ఇంట్లో గుడ్డు, మాంసం వండరు, బి12 అంటే పాలూ పెరుగే దిక్కు. పైగా నాకు నెలసరి ఎక్కువగా అవుతుంది. ఐరన్ తగ్గితే దడ పెరుగుతుంది, దడ పెరిగితే ఇంకా తినను. జబ్బు నా తిండిని తగ్గించింది, ఆ లోటు జబ్బుకు బలమిచ్చింది.

ఐరన్ మాత్ర రోజూ వేసుకుంటే కడుపు గడ్డకట్టినట్టు ఉండేది. రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. ఒక మోతాదు పడగానే ఒంట్లో హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి దాదాపు ఒక రోజు పాటు పేగులు ఐరన్ తీసుకోవడం తగ్గిస్తాయట, అందుకే మర్నాడు వేసుకున్న మాత్ర ఒంటికి తక్కువ పడుతుంది. ఈ ఒక్క మార్పుతో నా కడుపు కుదుటపడింది.

తరవాత టీ. ఇడ్లీ తినగానే మాత్ర, ఆ వెంటనే టీ, అదీ నా అలవాటు. టీలో ఉండే పదార్థాలు ఐరన్‌ను పట్టేసుకుంటాయి, పాలలోని కాల్షియం కూడా అడ్డే. ఇప్పుడు మాత్ర నిమ్మరసంతో, టీ రెండు గంటల తరవాత. పప్పులో కూడా నిమ్మకాయ తప్పదు. మా అత్తయ్య ఇప్పుడు అడగకుండానే కోసి కంచం పక్కన పెట్టి, “పిండుకో అమ్మాయ్, మర్చిపోతావు” అంటారు.

పాట్స్‌కి ఒంట్లో నీరు నిలవాలని నన్ను ఉప్పు ఎక్కువ తినమన్నారు. మొదట్లో అత్తయ్యకు ఆ ఉప్పు విషయంలోనే భయం. “అంత ఉప్పు తింటే బీపీ రాదూ?” అని గొడవ. మామయ్యకు బీపీ ఉంది, ఆయనకు ఉప్పు తగ్గించాలి, నాకేమో డాక్టరు రోజుకు 8 నుంచి 10 గ్రాములు చెప్పారు. కూరలన్నీ చప్పగా వండి, నా ఉప్పు చిన్న స్టీలు డబ్బాలో వేరే పెట్టుకున్నాం. డాక్టరు చెప్పకుండా ఎవరూ ఇది చేయకూడదు. నీళ్ళు రోజుకు మూడు లీటర్లు, మంచం దిగకముందే అర లీటరు. ఓఆర్ఎస్ అని పేరున్న జ్యూస్ ప్యాకెట్లు కూడా నెలల పాటు తాగాను, వెనక చదివితే చక్కెర ఎక్కువ, ఉప్పు నామమాత్రం. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల మీద ఆ పేరు వాడొద్దంది. ఆ వార్త చదివిన రోజు ఆవిడకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

నేను చేసిన పెద్ద పొరపాటు ఇంకొకటి. బి12 ఇంజెక్షన్లతో అరికాళ్ళ తిమ్మిర్లు తగ్గాయి, ఆరు నెలలకు మళ్ళీ మొదలయ్యాయి. వేసుకునే మాత్రలన్నీ తెమ్మన్నారు డాక్టరు. బల్ల మీద షీట్లన్నీ బోర్లా పెట్టి, వెనక సన్న అక్షరాలు ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ చదివారు. ఆవిడ రాసింది ఒకటి, నరాల బలానికని మెడికల్ షాపులో ఇచ్చింది ఒకటి, నీరసానికని మా చెల్లి పంపింది ఒకటి. మూడింట్లోనూ బి6 ఉంది. విటమినే కదా అనుకున్నాను. బి6 ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే అదే నరాలను దెబ్బతీస్తుంది, అదీ తిమ్మిర్లతోనే బయటపడుతుంది. రెండు షీట్లు అక్కడే వదిలేసి వచ్చాను. తిమ్మిర్లు పోవడానికి నాలుగు నెలలు పట్టింది. విటమిన్ డి కూడా అంతే, వారానికోసారి 60,000 యూనిట్లు ఎనిమిది వారాలే రాశారు. అయిపోయాక సొంతంగా కొనసాగిస్తే కాల్షియం పెరిగి కిడ్నీలకు ముప్పు.

ఆ తరవాత ఒక నోటుపుస్తకం పెట్టాను. కొత్త మాత్ర ఏదైనా ఒక్కటే మొదలుపెట్టి, తేదీ రాసి, మూడు వారాలు చూస్తాను. ఏది పని చేసిందో, ఏది పడలేదో తెలియాలంటే నాకు వేరే దారి దొరకలేదు.

పాట్స్ పోలేదు. పది నిమిషాలు నిలబడితే పల్స్ ఇప్పటికీ 104 దాకా వెళ్తుంది. బోర్డు దగ్గర ఎత్తు స్టూలు ఉంది. కానీ ఫెరిటిన్ 52కి వచ్చింది, మధ్యాహ్నం పూట రెండు గరిటెల అన్నం భయపడకుండా తింటున్నాను. మొన్న సోమవారం అసెంబ్లీలో ప్రార్థన నుంచి జనగణమన దాకా పిల్లలతో పాటే నిలబడ్డాను. అయిపోగానే ఒక పాప నేను అడగకముందే కుర్చీ తెచ్చి వేసింది. కూర్చుని, బ్యాగులోంచి సీసా తీసి ఉప్పు కలిపిన మజ్జిగ తాగాను.