కృష్ణ చేప కావేరిలో ఏం చేస్తోంది

చిన్నప్పుడు కాలవగట్టు మీద గాలం వేస్తూ పెరిగాను, బెంగళూరొచ్చి ఇన్నేళ్ళైనా ఆ పిచ్చి పోలేదు. మొన్న భీమేశ్వరి వెళ్ళాం, ఇక్కణ్ణుంచి ఓ వంద కిలోమీటర్లు, కావేరి ఒడ్డున. గాలం వెయ్యడానికి కాదులెండి, అదంతా అభయారణ్యం, 2012 తర్వాత అక్కడ గాలం ముట్టుకోవడానికి లేదు.

ఒకప్పుడు మాత్రం ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో ఇక్కడికొచ్చేవాళ్ళు, మహసీర్ అనే పెద్ద నదిచేప కోసం. ఇక్కడి రకానికి వీపు మీద మూపురం, నారింజ రంగు రెక్కలు. 1946లో కావేరి ఉపనది కబినిలో పట్టిన చేప 120 పౌండ్లు తూగింది! ఇక్కడ మామూలుగా వాడే ఎర ఏంటనుకున్నారు, ఉడకబెట్టిన రాగిముద్ద. గాలం వేసేవాళ్ళ కోసం క్యాంపులొచ్చాక రూల్ ఒక్కటే, పట్టాలి, తూచాలి, రాయాలి, మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి. అంతకుముందు దొంగచాటుగా చేపలు పట్టినవాళ్ళే కొందరు ఆ క్యాంపుల్లో గైడ్లయ్యి నదికి కాపలా కాశారు, నాకు ఇందులో బాగా నచ్చిన ముక్క ఇదే.

కావేరి ఒడ్డునే ఉన్న గాలిబోరె క్యాంపులో 1998 నుంచి 2012 దాకా రాసిన లెక్కలు తర్వాత సైంటిస్టులు తిరగేస్తే, గాలానికి పడే మహసీర్లు ఏటికేడు పెరిగాయి గానీ అందులో మూపురం చేపలు తగ్గిపోతూ వచ్చాయి. పెరిగిందంతా నీలి రెక్కల మహసీర్, మహారాష్ట్రలోని లోనావాలా హేచరీలో (చేపపిల్లల్ని పుట్టించి పెంచే చోటు) పెంచి మంచి ఉద్దేశంతోనే కావేరిలో వదిలిన జాతి, అసలు అది ఎగువ కృష్ణ చేప, అంటే మన నది చేపే. అది చదివి నాకు మనసు అదోలా అయిపోయింది. మూపురం చేపకి సైన్సు పేరు టోర్ రెమదేవీ అని 2018లో గానీ తేల్చలేదు, అదే ఏడాది అంతరించిపోయే అంచున ఉన్న జాతుల్లో చేర్చేశారు. నూటయాభై ఏళ్ళు గాలాలేసి, ఫొటోలు దిగి, పేరు మాత్రం అప్పుడు తేల్చారు.

గాలం బంద్ చేస్తే చేప బతుకుతుంది అనుకోవడం తేలిక. కానీ రాత్రిపూట డైనమైట్ వేసేవాడు లైసెన్సు అడగడు కదా, ఒడ్డున మనిషి లేకపోతే వాణ్ణి చూసేదెవరు? నా మటుకు నాకు, కొద్దిమందికే పర్మిట్లివ్వాలి, వెనక్కి తిరిగిన ముల్లు లేని గాలమే వాడాలి, చేపని నీళ్ళలోంచి బయటికి తియ్యకూడదు, పడ్డ ప్రతిదీ ఏ జాతో రాయాలి, ఆ డబ్బు గైడ్లకీ కాపలాకీ పోవాలి. వేరే నది పిల్లల్ని వదలడం మాత్రం ఎట్టిపరిస్థితుల్లోనూ ఆపాలి.

మాతో వచ్చిన పెద్దాయన ఒకప్పుడు గైడు. మూపురం చేపని ఆఖరుసారి ఎప్పుడు చూశావన్నా అని అడిగా. కాసేపు ఆలోచించి, "రిజిస్టర్ ఉన్నప్పుడైతే తేదీతో సహా చెప్పేవాణ్ణి సార్" అన్నాడు.