బ్లాక్ ఫ్రైడే డోర్‌బస్టర్: క్యూలో నిలబడే ముందు

అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు, అంటే బ్లాక్ ఫ్రైడే రోజు, డోర్‌బస్టర్ (తలుపులు తీయగానే కొద్దిమందికే దొరికే భారీ తగ్గింపు సరుకు) కోసం వెళ్లేవాళ్లు ముందు ప్రకటన అడుగున ఉండే చిన్న అక్షరాలు చదవాలి. 'స్టోరుకు కనీసం 10, రెయిన్‌చెక్ (సరుకు అయిపోతే తర్వాత అదే ధరకు ఇస్తామనే చీటీ) లేదు' అని ఉంటే, పదకొండో మనిషికి హామీ లేనట్టే. కొన్నిచోట్ల తలుపులు తీయకముందే క్యూలో ఆ సరుకు తీసుకునేందుకు టికెట్లు పంచేస్తారు.

తోపులాట మొదలైతే పక్కకు తప్పుకోండి. 2008లో న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో ఇలాంటి తొక్కిసలాటలోనే ఒక స్టోర్ ఉద్యోగి ప్రాణం పోయింది. ఏ టీవీ అయినా అంత విలువ చెయ్యదు.

టీవీకైతే మోడల్ నంబర్ చివరి అక్షరాలతో సహా సరిచూడండి. సేల్ కోసమే చేసిన మోడళ్లలో హెచ్‌డీఎంఐ పోర్టులు (సెట్‌టాప్ బాక్స్ లాంటివి తగిలించే చోట్లు) తగ్గొచ్చు, ప్యానెల్ (తెర) నాసిరకంది కావచ్చు. 65 అంగుళాల టీవీ వెడల్పే దాదాపు 57 అంగుళాలు, పెట్టె ఇంకా పెద్దది. కారులో పడుకోబెడితే ప్యానెల్ పగలొచ్చు, నిలబెట్టే చోటు ముందే కొలుచుకోండి.