టై ముడి

ఈ రోజు అమ్మాయి హైస్కూల్లో చేరింది. మేముండే స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ఆగస్టు నెల సగం గడిచిందో లేదో బడులు తెరిచేస్తారు. నిన్న రాత్రి టై కట్టుకోవడం నేర్పించాను. నాలుగుసార్లు కట్టినా సన్న కొస కిందికి వేలాడుతూనే ఉంది. ఐదోసారి నా చేయి పక్కకు తోసి తానే కట్టుకుంది.

పొద్దున రాజమండ్రి నుంచి అమ్మ ఫోను. "పన్నెండేళ్లు నిండాయి కదే, ఇప్పుడా హైస్కూలు? ఏడాది వెనకబడిందా?" అని కంగారుపడింది. ఆవిడ లెక్క మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు లెక్క. ఆరో తరగతికే అక్కడ చేరతారు. మధ్యాహ్నం న్యూజెర్సీ నుంచి అక్క చేసింది. "అప్పుడే హైస్కూలా? మావాడికి పదమూడు, ఇంకా మిడిల్ స్కూలే. రెండు తరగతులు దాటించారా?" అని ఆశ్చర్యపోయింది. అమెరికాలో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకే హైస్కూలు. ఒకే పిల్ల, ఒకే ఉదయం, అమ్మకు ఆలస్యం, అక్కకు తొందర!

పక్కనే ఉన్న ఇంగ్లండులో పదకొండేళ్లకే పై బడికి పంపుతారు, దాన్ని ఎక్కువగా సెకండరీ అంటారు. పదహారేళ్లకు పరీక్షలయ్యాక చాలామంది వేరే కాలేజీకి మారిపోతారు. ఇక్కడ మాత్రం కావాలంటే పద్దెనిమిదో ఏడు దాకా అదే బడి. నాకు గుబులంతా అక్కడే. మొన్నటిదాకా ప్రైమరీలో అందరికంటే పెద్దది, ఈ రోజు మీసాలొచ్చిన అబ్బాయిల మధ్య అందరికంటే చిన్నది.

బస్సులో కాల్టన్ కొండ పక్కగా వెళ్తుంటే పాత రాయల్ హైస్కూలు స్తంభాలు కనిపించాయి. బడి 1968లోనే అక్కడి నుంచి తరలిపోయింది, భవనం మిగిలింది. అమెరికాలో తొలి ప్రభుత్వ హైస్కూలు బోస్టన్‌లో 1821లో పెట్టారు. అంతకు ఎంతో ముందే ఈ ఊళ్లో పిల్లలు హైస్కూలుకు వెళ్తున్నారు. ఆ మాట తలుచుకుంటే ఎందుకో ధైర్యం వచ్చింది.

సాయంత్రం పిల్ల తడిసిన బూట్లతో వచ్చింది. సైన్సు గది దొరక్క నిలబడిపోతే హైస్కూల్లో ఆరో సంవత్సరం, అంటే ఆఖరి ఏడాది చదివే అమ్మాయి ఒకతె వెంటబెట్టుకుని తీసుకెళ్లిందట, దారిలో టై కూడా సరిచేసిందట. అమ్మకూ అక్కకూ మళ్లీ ఫోను చేసి అది చెప్పాను.

పడుకునే ముందు చూస్తే, ముడి విప్పకుండానే టైని తల మీదుగా తీసి తలుపు కొక్కేనికి తగిలించుకుంది.