ఎన్ని చెట్లు?

కమిటీ వాళ్లు మన పూర్వ విద్యార్థుల సభ సంచికకి ఏదో ఒకటి రాసిమ్మని వదలకుండా అడిగితే ఒప్పుకున్నాను. ఫేర్‌వెల్ గురించీ, హాస్టల్ పాము గురించీ ఎలాగూ మీలో ఎవరో ఒకరు రాస్తారు. నాకు మాత్రం ఫైనలియర్ ఆరు వారాల ప్రాజెక్టు, క్వాడ్రాట్ మాస్టారు తప్ప మిగతా కాలేజీ అంతా మసకే. (క్వాడ్రాట్ అంటే నేల మీద పెట్టి, లోపలున్న మొక్కలు లెక్కపెట్టే చదరపు ఫ్రేమ్.)

ప్రశ్న మనదే, పద్ధతి మనదే, తిట్లూ మనకే. "జీవవైవిధ్య అధ్యయనం" అని టాపిక్ పట్టుకెళ్తే మాస్టారు కాగితం వెనక్కిచ్చేసేవారు. "ఆరు వారాల్లో జవాబు దొరికే ప్రశ్న తీసుకురా." క్యాంపస్‌లో నత్తలెన్నో లెక్కేద్దామని నత్తల బ్యాచ్ పట్టినవాటికి నెయిల్ పాలిష్‌తో గుర్తు పెట్టి వదిలితే, ఆ పాలిష్ పెచ్చులూడిపోయింది గుర్తుందా? రెండోసారి పట్టినవాటిలో పాలిష్ గుర్తు ఉన్న నత్తలు తగ్గేకొద్దీ, ఇలా జనాభా అంచనా వేసే లింకన్ సూత్రం లెక్కని పెంచేస్తుంది. వాళ్ల లెక్క ప్రకారం క్యాంపస్‌లో మనకంటే నత్తలే ఎక్కువ!

అందరూ భుజం మీదుగా క్వాడ్రాట్ విసిరి "రాండమ్ సార్" అంటుంటే, ఒకరోజు ఆయనే ఫ్రేమ్ లాక్కుని మనందరి చేతా వరసగా విసిరించారు. ఒక్కటీ ముళ్లపొదలో పడలేదు. "మీ కళ్లు మూసుకున్నాయి గానీ, చేతికి ముళ్లెక్కడున్నాయో తెలుసు" అన్నారు. ఆ సాయంత్రమే టేపులు పరిచి, రాండమ్ నంబర్ల టేబుల్ చూసి ఫ్రేములు పెట్టడం మొదలైంది. ముళ్లు గుచ్చుకోవడం కూడా.

ఆయన రెండో ఆయుధం "ఎన్ని చెట్లు?" నాది చెట్టు నీడలో, ఎండలో మొలిచే మొక్కల జాతుల పోలిక. ఒకే చెట్టు కింద ఎన్ని ఫ్రేములు పెట్టినా అది ఆ ఒక్క చెట్టు కథే అవుతుంది, నీడ గురించి ఏమీ చెప్పదు. అలాంటి ఫ్రేముల్ని వేర్వేరు శాంపిళ్లుగా లెక్కేసే తప్పుకి సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టిన పర్యావరణ శాస్త్రవేత్త హర్ల్‌బర్ట్ 1984 వ్యాసం జిరాక్స్ మన చేతుల్లో నలిగి నలిగి చిరిగిపోయింది. అందుకే పది చెట్లు వెతుక్కుని, ఒక్కోదాని కింద రెండేసి ఫ్రేములు పెట్టాను. వైవాలో ఎక్స్‌టర్నల్ "నీడలో శాంపిల్ ఇరవై కదమ్మా?" అన్నారు. "కాదు సార్, పదే" అన్నాను. మాస్టారు కిటికీ వైపు తిరిగి నవ్వుకోవడం నేను చూశాను. తేడా ఏమీ తేలలేదన్న నా ఫలితానికి మంచి మార్కులే పడ్డాయి.

ఇప్పుడు సర్వే ప్రతిపాదనలు చదవడం నా ఉద్యోగం. నా టేబుల్ దాటకుండా వాటికి డబ్బు మంజూరు కాదు. గొప్పకి చెప్పడం లేదు (సరే, కొంచెం గొప్పకే). పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్లు కూడా ఒకే చెరువులో ముప్పై సీసాల నీళ్లు పట్టి, ముప్పై శాంపిళ్లని రాసుకొస్తారు. ఎర్ర పెన్నుతో "ఎన్ని చెరువులు?" అని రాసి తిప్పి పంపుతుంటాను.

మాస్టారు సభకి వస్తానన్నారట. నత్తల బ్యాచ్ ముందు వరసలో కూర్చోవద్దని మనవి.