వంగిన కార్డు పేకలో పనికిరాదు: మ్యాజిక్ ఆడేవాళ్లకు, దాచుకునేవాళ్లకు

జులైలో విశాఖలోనో కాకినాడలోనో మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలోని ఒక ఫాయిల్ (మెరుపు పొర ఉన్న) కార్డును స్లీవ్ (ప్లాస్టిక్ తొడుగు) లేకుండా బల్ల మీద పెట్టి మర్నాడు చూడండి. అంచులు బొమ్మ వైపుకు లేచి, కార్డు చిన్న దొన్నెలా తయారవుతుంది. చాలామంది వెంటనే నాలుగు లావుపాటి పుస్తకాలు తెచ్చి దాని మీద పెడతారు. వారం తర్వాత తీస్తే చదునుగానే వస్తుంది. బయట రెండు రోజులుంచితే మళ్లీ దొన్నె.

ఇక్కడ పని చేసేది బరువు కాదు, తేమ. ఫాయిల్ కార్డులో కాగితం పొరల మీద, బొమ్మ వైపు, ఒక మెరుపు పొర అదనంగా ఉంటుంది. కాగితం గాలిలో తేమను పీల్చి సాగుతుంది. మెరుపు పొర పీల్చదు, సాగదు. వెనక వైపు పెరిగి ముందు వైపు ఉన్నంతే ఉంటే కార్డు ముందుకు వంగక తప్పదు. అదే కార్డును చలికాలంలో హీటర్ నడిచే అమెరికా ఇంట్లో ఉంచితే కాగితం ఎండి కుంచించుకుపోతుంది. అప్పుడు అంచులు వెనక్కి వాలి నడుమ ఉబ్బుతుంది. అక్కడి నుంచి సెలవులకు వచ్చినవాళ్ల పెట్టెలో చదునుగా వచ్చిన ఫాయిల్ ఇక్కడ కొద్ది రోజుల్లోనే వంకర తిరగడానికి కారణం ఇదే.

వంకర చూడ్డానికి బాగోదు, అది అలా ఉంచండి. అసలు ఇబ్బంది ఆటలో వస్తుంది. మ్యాజిక్: ది గ్యాదరింగ్‌లో డెక్‌లోని, అంటే ఆడే కట్టలోని, ఏ ముక్కనైనా వెనక వైపు నుంచి, పక్క నుంచి గుర్తుపట్టగలిగితే అది గుర్తు పడ్డ ముక్క కిందే లెక్క. టోర్నమెంట్‌లో జడ్జి పెనాల్టీ వేస్తారు. గుర్తులున్న పేకతో రమ్మీకి ఎవరూ కూర్చోరు కదా, ఇదీ అంతే. 60 ముక్కల్లో 4 మాత్రమే ఫాయిల్ అయితే, కట్ట పెట్టగానే ఆ నాలుగూ ఉన్నచోట సన్నటి సందు కనిపిస్తుంది. కోసినప్పుడల్లా కట్ట సరిగ్గా అక్కడే విడిపోతుంది. కొన్ని ఫాయిల్, కొన్ని మామూలు కలిపిన డెక్ అన్నిటికంటే ప్రమాదం. ఆడే డెక్‌కు మామూలు కార్డులే వాడి, ఫాయిల్‌ను బైండర్‌లో (జేబుల పేజీలున్న ఆల్బమ్‌లో) ఉంచడం మన వాతావరణానికి నప్పే పద్ధతి అని నా గట్టి అభిప్రాయం.

వంగిన ఫాయిల్‌ను సరిచేయాలంటే గాలి చొరని డబ్బా కావాలి. అందులో ఒక చిన్న తేమ మీటర్, 49 శాతం దగ్గర తేమను నిలిపే రెండు వైపుల ప్యాకెట్ పెట్టండి. ఇవి తేమ ఎక్కువైతే పీల్చుకుంటాయి, తక్కువైతే వదులుతాయి. కార్డును స్లీవ్ లేకుండా రెండు శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పెట్టి, పైన తేలికపాటి బరువు ఉంచి, వారం పది రోజులు కదపకండి. మీటర్ 40 నుంచి 50 మధ్య ఉంటే చాలు. ఇస్త్రీ పెట్టె, హెయిర్ డ్రయర్ దగ్గరికి కూడా రానివ్వకండి. వేడికి మెరుపు పొర ఊడొస్తే ఇక చేయగలిగింది లేదు.

ఆ ప్యాకెట్లు దొరక్కపోతే సిలికా జెల్ వాడొచ్చు. కాకపోతే దానికి ఆపడం తెలియదు, పీలుస్తూనే ఉంటుంది. పది లీటర్ల డబ్బాలో 50 గ్రాములతో మొదలుపెట్టి మీటర్ చూస్తూ తగ్గించండి. 30 శాతం కిందికి పోతే కార్డులు వెనక వైపుకు వంగడం మొదలవుతుంది. రంగు మారే రకం కొనేటప్పుడు నీలం గుళికల బదులు నారింజ రంగువి తీసుకోండి. నీలం వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, పిల్లలున్న ఇంట్లో అది వద్దు.

ఇక స్లీవ్‌లు. మ్యాజిక్ కార్డు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు. దీనికి సుమారు 66 × 91 కొలత స్లీవ్ సరిపోతుంది. అంగట్లో 'చిన్న సైజు', 'జపనీస్ సైజు' అని 62 × 89 స్లీవ్‌లు కూడా దొరుకుతాయి. అవి యుగియో అనే మరో ఆట కార్డులకు. తొందరలో అవి కొని, కార్డును బలవంతంగా దూరిస్తే మూలలు నలుగుతాయి. రెండు స్లీవ్‌లు వేయాలనుకుంటే లోపలిది 64 × 89, ఒంటికి అతుక్కున్నట్టు ఉండాలి. లోపలి స్లీవ్‌ను కార్డు పైనుంచి తొడగండి, అంటే దాని నోరు కిందికి ఉంటుంది. బయటి స్లీవ్‌ను కిందినుంచి తొడగండి, దాని నోరు పైకి వస్తుంది. రెండు నోళ్లూ ఎదురెదురు కాబట్టి దుమ్ము, నీటి చుక్క నేరుగా లోపలికి పోవు. తొడిగాక మధ్య నుంచి అంచులకు బొటనవేలితో మెల్లగా రాసి గాలి తీసేయండి.

వాన పడుతున్న రోజున డబుల్ స్లీవ్ వేస్తే ఆ తేమను కూడా కార్డుతో పాటే లోపల బంధించినట్టు. ముందు ఒక రోజు ఏసీ గదిలోనో, పైన చెప్పిన డబ్బాలోనో ఉంచి అప్పుడు వేయండి. ఏసీ కారులోంచి దిగి ఉక్కపోతలో డబ్బా మూత తీసినా చల్లటి కార్డుల మీద చెమట పట్టినట్టు తేమ చేరుతుంది. అరగంట మూత పెట్టే ఉంచండి.

స్లీవ్‌లు ఎప్పుడూ ఒకే ప్యాకెట్‌లోవి వాడాలి. ఒకే కంపెనీ, ఒకే రంగు అయినా వేర్వేరు బ్యాచ్‌ల్లో ఛాయ కాస్త తేడా వస్తుంది. 60 ముక్కల డెక్, ఆటకూ ఆటకూ మధ్య మార్చుకోవడానికి పక్కన ఉంచే 15 ముక్కల సైడ్‌బోర్డ్ కలిపి 75, కాబట్టి 100 స్లీవ్‌ల ప్యాకెట్ కొంటే 25 మిగులుతాయి. చిరిగినప్పుడు వాటిలోంచి మార్చండి. మిగతావన్నీ అరిగిపోయి ఒక్కటి మాత్రం కొత్తదైతే అదీ గుర్తే, అప్పుడు మొత్తం మార్చక తప్పదు. రెండు వైపులా బొమ్మ ఉన్న కార్డులుంటే వెనక వైపు పారదర్శకంగా ఉండే స్లీవ్ అసలు పనికిరాదు. మిరపకాయ బజ్జీ తిన్న చేత్తో ముక్కలు పట్టుకోవద్దని వేరే చెప్పాలా!

బీరువాలో పెట్టేవాళ్లు కలరా ఉండలకు దూరంగా పెట్టండి, ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. అటక మీద వేడి, నేల మీద అట్టపెట్టెకు చెదలు, గోడకు ఆనిస్తే చెమ్మ. నేలకు జానెడు ఎత్తున, గోడకు నాలుగు వేళ్లు ఎడంగా, మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో ఉంచడం అన్నిటికంటే మేలు. బైండర్ కొనేటప్పుడు పీవీసీ పేజీలు వద్దు. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనం మెల్లగా బయటికి వచ్చి కార్డుకు అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ పేజీలు, పక్కనుంచి తోసే జేబులు చూసుకోండి. రింగుల ఫైలులో రింగు పక్కనున్న కార్డుకు నొక్కు పడుతుంది, రింగులు లేని బైండర్ తీసుకోండి.

ఇంత జాగ్రత్త చేసిన కార్డులు ఆడకపోతే ఏం ప్రయోజనం? ఆటలో కొత్తవాళ్లు మొదట తప్పేది ల్యాండ్‌ల లెక్కలో. మ్యాజిక్‌లో ల్యాండ్ కాని దాదాపు ప్రతి కార్డు వేయడానికి మానా అనే శక్తి (దానికి రంగులుంటాయి) కావాలి, మానా ముఖ్యంగా ల్యాండ్ అనే కార్డుల నుంచి వస్తుంది, వంతుకు ఒక్క ల్యాండ్ మాత్రమే దించాలి. బొమ్మల కార్డులు ముద్దొచ్చి ల్యాండ్‌లు తగ్గించేస్తారు. 60 ముక్కల డెక్‌లో 24 ల్యాండ్‌లుంటే, మొదటి 7 ముక్కల్లో ల్యాండ్ అసలు లేకపోవడమో ఒక్కటే రావడమో వందలో 14 సార్లు జరుగుతుంది. అదే 20 ల్యాండ్‌లైతే దాదాపు 25 సార్లు. నాలుగు ల్యాండ్‌లు తీసేసి నాలుగు మంచి కార్డులు పెట్టానని సంబరపడితే, నాలుగు ఆటల్లో ఒకటి మొదలవకముందే చిక్కుల్లో పడుతుంది. ఒకటి, రెండు మానా కార్డులతో దూకుడుగా ఆడే ఎర్ర డెక్‌కు 20 నుంచి 22 నడుస్తాయి. మధ్యస్థంగా ఆడేదానికి 24, ఆట సాగదీసి చివర్లో గెలిచేదానికి 26. 24 ల్యాండ్‌లున్నా 5 లేదా అంతకంటే ఎక్కువ ఒకేసారి చేతికొచ్చే అవకాశం వందలో 8. రెండు వైపులా కొంత నష్టం భరించాల్సిందే.

ఒక కార్డు డెక్‌లో నాలుగు దాకా ఉండొచ్చు, ప్రాథమిక ల్యాండ్‌లకు ఆ పరిమితి లేదు. నాలుగూ పెడితే మొదటి 7 ముక్కల్లో కనీసం ఒకటి వచ్చే అవకాశం 40 శాతం. అందుకే డెక్‌ను 60 దాటనివ్వకూడదు. 61వ ముక్క ఎంత బాగున్నా, మీ దగ్గరున్న అతి మంచి ముక్కను ఒక మెట్టు కిందికి నెడుతుంది. అక్కడికక్కడే ప్యాకెట్లు విప్పి, వాటిలోంచి ఎంచుకున్న ముక్కలతో ఆడే డ్రాఫ్ట్‌లో డెక్ కనీసం 40. అందులో 17 ల్యాండ్‌లు, మిగిలిన 23లో 15 దాకా జీవులు, వాటిలోనూ రెండు మానాకు దిగేవి 5 లేదా 6. రెండు రంగులైతే ల్యాండ్‌లు 9, 8గా పంచండి. నలుగురు కూర్చుని ఆడే కమాండర్ పద్ధతిలో 100 ముక్కలు, ప్రాథమిక ల్యాండ్‌లు తప్ప అన్నీ వేర్వేరు, ప్రాణాలు 20 కాదు 40. దీనికి 37 ల్యాండ్‌లు, మానా పెంచేవి 10, ముక్కలు తెచ్చేవి 10 పెట్టి చూడండి. ఎవరి డెక్ ఎంత బలమైనదో ఆటకు ముందే మాట్లాడుకుంటే సాయంత్రం చెడదు.

చేతికొచ్చిన ముక్కలు బాగోకపోతే మలిగన్, అంటే వాటిని మార్చుకునే వీలు, ఉంది. 2019 నుంచి నడుస్తున్న పద్ధతి ప్రకారం మళ్లీ 7 తీసి, ఎన్నిసార్లు మార్చారో అన్ని ముక్కలు కట్ట అడుగున పెట్టాలి. కమాండర్‌లో మొదటిసారి మార్చినందుకు ముక్క పోదు. ఒక్క ల్యాండ్ చేతితో 'వస్తుందిలే' అని ఉండిపోవడం కంటే 6 ముక్కలతో ఆడటమే నయం.

కలపడం దగ్గర మన పేకాట అలవాటు కొంత ఉపయోగం, కొంత నష్టం. ఆట అయ్యాక ల్యాండ్‌లన్నీ బల్ల మీద ఒక గుంపుగా ఉంటాయి, అలాగే కట్టలోకి పోతాయి. రమ్మీలోలాగా రెండు మూడు సార్లు కలిపి పంచితే ఆ గుంపు విడిపోదు. 52 ముక్కల పేకకు రెండు సగాలను ఒకదాంట్లో ఒకటి జారవిడుస్తూ 7 సార్లు కలపాలని గణితవేత్తలు బేయర్, డయకోనిస్ 1992లో చూపించారు. 60కి 8, 100కి 9 లేదా 10 సార్లు చేయండి. స్లీవ్ వేసిన ముక్కలను వంచొద్దు. రెండు సగాలను పక్క అంచుల నుంచి మెల్లగా ఒకదాంట్లోకి ఒకటి దూర్చండి. ముక్కలను ఏడు కుప్పలుగా పరిచి ఎత్తడం కలపడం కాదు. కట్టలో ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది. రెండు ముక్కలకొక ల్యాండ్ చొప్పున ముందే పేర్చి, పైపైన కలిపితే మోసం. బాగా కలిపితే ఆ పేర్పు మిగలదు, అప్పుడు పేర్చిన శ్రమ దండగ.

కొనడంలో నా మాట ఒక్కటే: ఆడటానికి కావలసింది విడి కార్డులుగా కొనండి, లోపల ఏముందో తెలియని బూస్టర్ ప్యాకెట్లను డ్రాఫ్ట్ ఆడటానికే విప్పండి. 1995లో పాత కార్డులను క్రానికల్స్ పేరుతో మళ్లీ ముద్రించేసరికి వాటి ధరలు పడి, దాచుకున్నవాళ్లు గొడవ చేశారు. 1996లో ఈ ఆట తయారుచేసే కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 'ఇవి మళ్లీ అచ్చు వేయం' అని ఒక జాబితా ప్రకటించింది. ఆ జాబితాలో లేని ఏ కార్డైనా రేపు మళ్లీ అచ్చుకావచ్చు. ధర పెరుగుతుందన్న ఆశతో కాదు, ఇష్టంతో కొనండి.

ఖరీదైన కార్డు చేతిలోకి రాగానే నకిలీయా కాదా చూడాలి. వంచి చూడటం, నీటి చుక్క వేయడం లాంటివి వద్దు, అసలు కార్డు పాడవుతుంది. 30 లేదా 60 రెట్లు చూపే చిన్న భూతద్దం చాలు. వెనక వైపున్న అయిదు రంగుల చుక్కల్లో ఆకుపచ్చ దాన్ని చూడండి. అసలు కార్డులో దాని మీద నాలుగు ఎర్ర చుక్కలు ఒక మూలమట్టంలా అమరి ఉంటాయి. తర్వాత ముందు వైపు నల్ల అక్షరాలు. అసలులో అక్షరం గట్టి నలుపుతో అంచులు తెగినట్టుంటుంది. నకిలీలో అక్షరం చుట్టూ రంగుచుక్కలు చెదిరి కనిపిస్తాయి. 2014 జులైలో వచ్చిన మ్యాజిక్ 2015 సెట్ నుంచి రేర్ (అరుదైన), మిథిక్ (మరీ అరుదైన) కార్డుల కింది భాగంలో సాధారణంగా కోడిగుడ్డు ఆకారపు మెరుపు ముద్ర ఉంటుంది. ఏది చూసినా అదే సెట్‌లోని చవక కార్డు పక్కన పెట్టి చూడండి, ఒంటరిగా చూస్తే కన్ను మోసపోతుంది. బంగారు అంచుతో వచ్చిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ డెక్‌ల కార్డులు కంపెనీవే, నకిలీ కావు. కానీ టోర్నమెంట్‌లో చెల్లవు, ధర మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

సేకరణకు ఒక హద్దు పెట్టుకుంటేనే అది నిండుతుంది. మనవాళ్లకు ఒక సెట్ సూచిస్తాను: 2016 సెప్టెంబర్‌లో వచ్చిన కలదేశ్. భారతీయ ఛాయలతో, ఇత్తడి తీగ పనితనంతో, చీరకట్టును గుర్తుచేసే దుస్తులతో అల్లిన లోకం అది. మంటల మాంత్రికురాలు చాండ్రా నలార్ పుట్టినచోటు. 2025లో ఏథర్‌డ్రిఫ్ట్ సెట్‌తో ఆ లోకం పేరు అవిష్కార్‌గా మారింది. కొత్తవి కనిపెట్టేవాళ్ల లోకానికి ఆ పేరు ఎంత అతికిందో తెలుగువాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. కలదేశ్‌లో 264 కార్డులు: 101 కామన్, 80 అన్‌కామన్, 53 రేర్, 15 మిథిక్, 15 ల్యాండ్‌లు. ముందు ఆ 181 కామన్, అన్‌కామన్‌లతో మొదలుపెట్టండి, ఖర్చు తక్కువ, మూడింట రెండు వంతులు అక్కడే పూర్తవుతుంది. తొమ్మిది జేబుల పేజీకి రెండు వైపులా పెడితే 18, కాబట్టి 264కు 15 పేజీలు కావాలి. కార్డు కింద ఎడమ మూలనున్న నంబరు వరసలో పేర్చి, లేని కార్డు జేబులో దాని నంబరు రాసిన తెల్ల చీటీ పెట్టండి.